జియోకాషింగ్: అక్షాంశ రేఖాంశాల నుంచి చివరి పది మీటర్ల దాకా

వ్యాససంగ్రహం:

ఒక చిన్న పెట్టెను ఆరుబయట దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించడం. ఇతరులు జీపీఎస్ సాయంతో అక్కడికి చేరుకొని, దాన్ని వెదకి, లోపలి పుస్తకంలో సంతకం చేసి, మళ్లీ యథాస్థానంలో ఉంచడం - ఈ వ్యాపకానికి జియోకాషింగ్ అని పేరు. 2000 మే నెలలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఇది మొదలైంది. దీని పుట్టుకను, పనితీరును, నియమాలను, కొత్తగా ప్రారంభించేవారు తెలుసుకోవలసిన అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరికరం చూపే సంఖ్య మనిషిని పెట్టె పరిసరాల వరకే చేర్చగలదని, అక్కడి నుంచి పనికివచ్చేవి పరిశీలన, అపరిచితుల మధ్య నమ్మకం మాత్రమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జియోకాషింగ్, జీపీఎస్, అక్షాంశ రేఖాంశాలు, బహిరంగ స్థలం, క్షేత్రపరిశీలన, భూవారసత్వం.

1. ప్రవేశిక:

దాచిన సొత్తు అనగానే తెలుగువారికి లంకెబిందెలు గుర్తుకు వస్తాయి. రైతు ధాన్యాన్ని భద్రపరచుకున్న పాతర, పూర్వులు భూమిలో పెట్టిన నిక్షేపం, కోటగోడల కింద ఉన్నాయని చెప్పుకొనే గుప్తనిధులు - ఇవన్నీ మన భాషలో దాపరికానికి సంబంధించిన మాటలే. వీటన్నిటిలోనూ రెండు లక్షణాలు సమానంగా కనిపిస్తాయి. దాచినవారు ఆ చోటును ఎవరికీ చెప్పరు. దొరికినవారు సొత్తును తమ వెంట తీసుకుపోతారు.

జియోకాషింగ్ ఈ రెండు లక్షణాలనూ తలకిందులు చేస్తుంది. ఇక్కడ దాచినవారే చోటును ప్రపంచమంతటికీ ప్రకటిస్తారు. దొరికినవారు పెట్టెను అక్కడే వదిలి వస్తారు. విలువైనదేదీ లేని పెట్టె కోసం మైళ్ల కొద్దీ నడవడం మొదట వింతగా తోచవచ్చు. అయితే తాళం, కాపలా లేని ఒక వస్తువు ఏళ్ల తరబడి అదే చోట నిలిచి ఉండటం అంతకంటే వింతైన విషయం. ఇది ఎలా సాధ్యమవుతున్నదన్న ప్రశ్నే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

పేరు గురించి ఒక మాట. ‘జియో’ అంటే భూమి. ‘కాష్’ అంటే దాచి ఉంచిన సరుకు. దాచడమనే అర్థం గల ఫ్రెంచి క్రియనుంచి ఆంగ్లంలోకి వచ్చింది. దీన్ని తెలుగు లిపిలో ‘క్యాష్’ అని రాస్తే నగదు అన్న అర్థం స్ఫురిస్తుంది కనుక ఈ వ్యాసంలో ‘కాష్’ అన్న రూపాన్ని, సందర్భాన్ని బట్టి ‘పెట్టె’ అన్న మాటను వాడటం జరిగింది.

2. పుట్టుక - పూర్వరంగం:

జీపీఎస్ అమెరికా రక్షణశాఖ నిర్మించిన వ్యవస్థ. దీని తొలి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించారు. 1995లో ఇది పూర్తిస్థాయిలో పనిచేయడం ప్రారంభించింది. అయితే సామాన్యులకు అందే సంకేతంలో అప్పట్లో ఉద్దేశపూర్వకంగా కొంత దోషాన్ని కలిపేవారు. ఆ దోషం వల్ల పరికరం చూపే చోటుకూ అసలు చోటుకూ మధ్య 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 100 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం వైశాల్యం ఏడున్నర ఎకరాలకు పైమాటే. అంత మేర పొదల్లో చిన్న పెట్టెను వెదకడం ఆట అనిపించుకోదు.

అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రభుత్వ నిర్ణయం మేరకు 2000 మే 1వ తేదీ అర్ధరాత్రి ఆ దోషాన్ని తొలగించారు. తేడా ఒక్కసారిగా సుమారు 20 మీటర్లకు తగ్గిపోయింది. మే 3వ తేదీన డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఈ మార్పును పరీక్షించదలచి, ఆరెగాన్‌లోని బీవర్‌క్రీక్ సమీపంలో ఒక నల్లటి బకెట్‌ను ఉంచాడు. అందులో ఒక పుస్తకం, పెన్సిలు, కొన్ని చిన్న వస్తువులు, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉన్నాయి. ఉత్తర అక్షాంశం 45° 17.460', పశ్చిమ రేఖాంశం 122° 24.800' అని ఆ చోటును ఉపగ్రహ మార్గనిర్దేశనంపై ఆసక్తి గలవారి అంతర్జాల చర్చావేదికలో ప్రకటించాడు. ఏదైనా తీసుకోండి, ఏదైనా పెట్టండి అన్నది ఆయన పెట్టిన షరతు. మూడు రోజులలోపే ఇద్దరు ఆ బకెట్‌ను కనుగొన్నారు. వారిలో మొదటివాడైన మైక్ టీగ్ ఇలాంటి పెట్టెల జాబితాను తయారుచేయడం ప్రారంభించాడు. అదే నెల 30వ తేదీన మ్యాట్ స్టమ్ ‘జియోకాషింగ్’ అన్న పేరును సూచించాడు. సెప్టెంబరు 2వ తేదీన జెరెమీ ఐరిష్ ప్రారంభించిన జాలస్థలి జాబితాలో అప్పటికి 75 పెట్టెలు మాత్రమే ఉన్నాయి. నేడు ఆ సంస్థ సియాటిల్ కేంద్రంగా పనిచేస్తున్నది. ప్రపంచవ్యాప్తంగా ముప్ఫై లక్షలకు పైగా పెట్టెలు దాని జాబితాలో ఉన్నాయి.

పరికరం కొత్తదైనా కోరిక పాతదే. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూముల్లో దారి చూపే వృత్తిలో ఉన్న జేమ్స్ పెరట్, 1854లో క్రాన్‌మియర్ పూల్ అనే దుర్గమమైన చోట ఒక సీసాను ఉంచాడు. అక్కడికి నడిచి వెళ్లగలిగినవారు తమ పేరున్న చీటీని అందులో వేసి వచ్చేవారు. ఆ అలవాటు నుంచి ‘లెటర్‌బాక్సింగ్’ అనే కాలక్షేపం ఏర్పడింది. ఇక్కడికి నేను వచ్చాను అని ఆ చోటులోనే చెప్పి రావాలన్న ఆకాంక్ష ఈ రెండింటికీ మూలం.

3. పెట్టె - వివరణపత్రం:

ప్రతి కాష్‌కూ రెండు భాగాలుంటాయి. ఒకటి క్షేత్రంలో ఉండే పెట్టె. రెండవది జాలస్థలిలో ఉండే వివరణపత్రం. పెట్టె పరిమాణం వేలిగోరంత అయస్కాంతపు డబ్బీ నుంచి బకెట్ వరకు ఉండవచ్చు. పాత ఫిల్ము డబ్బాలు, గట్టిమూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, సైన్యం వాడి వదిలేసిన తూటాల పెట్టెలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. పెట్టె ఎంత చిన్నదైనా సంతకాలకు ఒక కాగితం తప్పనిసరి. పెద్ద పెట్టెల్లో ఇచ్చిపుచ్చుకొనే బొమ్మలు, బిళ్లల వంటివి ఉంటాయి. ఒక వస్తువును తీసుకుంటే అంతే విలువైనదాన్ని గానీ అంతకంటే మేలైనదాన్ని గానీ పెట్టాలి. తినుబండారాలు పెట్టకూడదు, వాసనకు జంతువులు పెట్టెను ఛిద్రం చేస్తాయి. ఆ లెక్కన తొలి బకెట్‌లోని చిక్కుడుగింజల డబ్బా నేటి నియమాలకు విరుద్ధం.

వివరణపత్రంలో అక్షాంశ రేఖాంశాలతోపాటు రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది వెదకడంలోని కష్టాన్ని, రెండవది అక్కడికి చేరడంలోని శ్రమను తెలుపుతుంది. రెండూ 1 నుంచి 5 వరకు, అర చొప్పున పెరుగుతాయి. శ్రమ 1 అంటే చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా చేరగలిగినది. 5 అంటే పడవ, తాడు వంటి ప్రత్యేక సామగ్రి అవసరమైనది. ఈ రెండింటినీ విడిగా చూపడం వెనుక లోతైన వివేచన ఉంది. చేరడం వేరు, కనుగొనడం వేరు అన్న సత్యాన్ని ఈ ఆట తన కొలమానంలోనే అంగీకరించింది.

కాష్‌లలో అనేక రకాలున్నాయి. ఇచ్చిన చోటనే పెట్టె ఉంటే అది సంప్రదాయ రకం. ఒక చోట దొరికిన ఆధారం మరొక చోటికి దారి చూపితే అది బహుళస్థాన రకం. చిక్కుముడిని విప్పితే గానీ అసలు చోటు తెలియనిది ప్రహేళిక రకం. కొత్త పెట్టెను ఎవరైనా పెట్టవచ్చు గానీ, ఒక స్వచ్ఛంద పరిశీలకుడు పరిశీలించి ఆమోదించిన తర్వాతనే దాని పత్రం ప్రచురితమవుతుంది. రెండు పెట్టెల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. స్థలం యజమాని అనుమతి పొందాలి. పెట్టెను భూమిలో పాతకూడదు. దాచినవారే దాని బాగోగులు చూసుకోవాలి. పరిశోధనపత్రిక నిర్వహణతో పరిచయం ఉన్నవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

4. సంఖ్య చేసే పని:

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో భూమి చుట్టూ తిరుగుతూ తమ స్థానాన్ని, కాలాన్ని నిరంతరం ప్రసారం చేస్తుంటాయి. సంకేతం చేరడానికి పట్టిన వ్యవధిని బట్టి మన చేతిలోని పరికరం ఒక్కొక్క ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్కిస్తుంది. స్థానాన్ని నిర్ణయించడానికి మూడు దూరాలు చాలునని అనిపించినా, పరికరంలోని గడియారం కచ్చితమైనది కాదు కనుక ఆ లోపాన్ని సరిదిద్దడానికి నాలుగవ ఉపగ్రహం అవసరమవుతుంది. కాలగణనలో సెకనులో పదిలక్షవ వంతు పొరపాటు జరిగితే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. నేటి ఫోన్లలో చాలావరకు జీపీఎస్‌తోపాటు రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో, చైనావారి బైడూ సంకేతాలను కూడా అందుకుంటాయి. భారతదేశపు నావిక్ వ్యవస్థను అందుకునే ఫోన్లు కూడా ఉన్నాయి. ఆ వ్యవస్థలోని తొలి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి ప్రయోగించారు.

కొత్తగా ప్రారంభించేవారు మొదట గ్రహించవలసినది సంఖ్యను రాసే పద్ధతి. జియోకాషింగ్‌లో డిగ్రీలను, దశాంశాలతో కూడిన నిమిషాలను వాడతారు. డిగ్రీకి 60 నిమిషాలు. కాబట్టి 45° 17.460' అంటే దశాంశ డిగ్రీల్లో 45.2910 అవుతుంది. ఈ మార్పు చేయకుండా 45.1746 అని ఫోన్‌లో నమోదు చేస్తే, ఒక్క అక్షాంశం వల్లనే అసలు చోటుకు దాదాపు 13 కిలోమీటర్ల దక్షిణానికి చేరుకుంటాం.

ఈ సంఖ్యల్లోని చివరి అంకె విలువ ఎంతో తెలియడం కూడా అవసరమే. అక్షాంశంలో ఒక నిమిషం అంటే సుమారు 1852 మీటర్లు. దానిలో వెయ్యో వంతు అంటే 2 మీటర్ల లోపే. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి కనుక, రేఖాంశంలో ఒక నిమిషం బీవర్‌క్రీక్ దగ్గర సుమారు 1300 మీటర్లు, హైదరాబాదు దగ్గర సుమారు 1770 మీటర్లు. పత్రంలో రాసిన అంకె 2 మీటర్ల సూక్ష్మతను చూపుతుంది. పరికరానికి మాత్రం అంత సామర్థ్యం లేదు. ఆకాశం స్పష్టంగా కనిపించే చోట మామూలు ఫోన్ చూపే స్థానంలో 5 మీటర్ల తేడా సహజం. దట్టమైన చెట్ల కింద, ఎత్తైన భవనాల మధ్య, కొండచరియల పక్కన అది ఇంకా పెరుగుతుంది. పైగా దాచినవారి పరికరంలోనూ ఇలాంటి తేడా ఉండి ఉంటుంది. అందువల్ల శ్రద్ధ గలవారు పెట్టెను దాచేటప్పుడు వేర్వేరు రోజుల్లో కొలతలు తీసుకొని వాటి సగటును ప్రకటిస్తారు. రాసిన అంకెలోని సూక్ష్మతను కొలతలోని సూక్ష్మతగా భ్రమపడకూడదన్న పాఠాన్ని ఈ ఆట నేలమీద నేర్పుతుంది.

5. చివరి పది మీటర్లు:

రెండు తేడాలనూ కలిపి చూస్తే, పరికరం మనకు అప్పగించేది దాదాపు 10 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం. అంటే సుమారు 375 చదరపు గజాలు. మన పట్టణాల్లో ఒక పెద్ద ఇంటిస్థలమంత. అక్కడికి చేరిన తర్వాత ఫోన్‌లోని బాణం గుర్తు ఒకసారి తూర్పుకూ మరొకసారి పడమరకూ తిరుగుతూ ఉంటుంది. అనుభవం లేనివారు ఆ బాణం వెంట తిరిగి అలసిపోతారు. అనుభవజ్ఞులు ఫోన్‌ను జేబులో పెట్టి చుట్టూ చూస్తారు. ఆ క్షణంలో ప్రశ్న మారుతుంది. పెట్టె ఎక్కడుంది అన్న ప్రశ్న పోయి, నేనైతే ఇక్కడ ఎక్కడ దాచేవాడిని అన్న ప్రశ్న వస్తుంది.

ఇది పఠనానికి దగ్గరి ప్రక్రియ. రాలిన పుల్లలు చెల్లాచెదురుగా ఉండాలి. వరుసగా పేర్చినట్లుంటే అక్కడ ఒక చెయ్యి పనిచేసిందని అర్థం. రాళ్లగుట్టలో ఒక రాయికి మాత్రమే నాచు లేకపోతే అది ఈ మధ్యనే కదిలిందని తెలుస్తుంది. ఇనుపకంచెకు ఏ పనీ చేయని మేకు ఒకటి అదనంగా ఉంటే దాన్ని తాకి చూడవచ్చు. ఉండవలసిన దానిలో ఉండదగనిది పట్టుకోవడమే ఇక్కడి నైపుణ్యం. తాళపత్రాల్లో లేఖకుని దోషాన్ని గుర్తించే పరిష్కర్త చేసే పని కూడా ఇటువంటిదే.

ఎంతకీ దొరకకపోతే పత్రంలో సూచన ఉంటుంది. కంటికి వెంటనే అర్థం కాకుండా ఆంగ్ల వర్ణమాలలో ఒక్కొక్క అక్షరాన్ని పదమూడు స్థానాలు జరిపి దాన్ని రాస్తారు. కావాలనుకున్నవారే విప్పి చదువుకుంటారు. తొలిసారి వెళ్లేవారు సంప్రదాయ రకంలో కష్టం, శ్రమ రెండూ 1.5కు మించని పెద్ద పెట్టెను ఎంచుకోవడం, అది ఇటీవల ఎవరికైనా దొరికిందో లేదో చూసుకోవడం, వెంట ఒక కలం తీసుకువెళ్లడం మంచిది. తడిసిన కాగితం మీద రాయగల పెన్సిలు ఉంటే మరీ మేలు.

6. ‘దొరకలేదు’ అని రాయడం:

పెట్టె దొరికినవారు లోపలి కాగితం మీద, ఆ తర్వాత జాలస్థలిలో నమోదు చేస్తారు. దొరకనివారు కూడా ఆ సంగతిని నమోదు చేయాలన్నది ఈ ఆటలోని గొప్ప సంప్రదాయం. చాలామంది కొత్తవారు దీన్ని అవమానంగా భావించి మౌనంగా ఉండిపోతారు. నిజానికి పెట్టె యజమానికి అత్యంత అవసరమైన సమాచారం అదే. వరుసగా నలుగురు దొరకలేదని రాస్తే వరదకు కొట్టుకుపోయిందో, ఎవరైనా తీసుకుపోయారో చూడటానికి ఆయన బయలుదేరుతాడు. ఆ నలుగురూ మౌనం వహిస్తే, లేని పెట్టె కోసం మరెందరో వెళ్లి వృథాగా వెదకవలసి వస్తుంది.

ప్రతికూల ఫలితాన్ని కూడా ప్రకటించాలన్న పరిశోధనా నియమానికి ఇంతకంటే సరళమైన ఉదాహరణ దొరకదు. ఒక గ్రంథాలయంలో ఫలానా ప్రతి లేదని తెలుసుకున్న పరిశోధకుడు ఆ సంగతిని రాయకపోతే, తరువాతి పరిశోధకుడు అదే ప్రయాణం చేస్తాడు. దొరికిందని అబద్ధం రాయడం కూడా ఇక్కడ చాలా సులభం. సంతకాన్ని సరిచూసే అవకాశం యజమానికి ఉన్నా, ప్రతిసారీ చూసేవారు అరుదు. అయినా ఈ నమోదులకు విలువ ఉండటానికి కారణం, అబద్ధం చెప్పి పొందగల లాభం ఇక్కడ ఏమీ లేకపోవడమే.

7. బహిరంగ స్థలం - అనుమానం:

ఈ ఆటకు ఒక అంతర్గత వైరుధ్యం ఉంది. పెట్టె భద్రంగా ఉండాలంటే దారిన పోయేవారి కంటపడకూడదు. హ్యారీ పాటర్ నవలల్లో మంత్రవిద్య తెలియనివారిని పిలిచే ‘మగుల్’ అన్న మాటతోనే ఆటగాళ్లు వారిని పిలుచుకుంటారు. కాబట్టి వెదికేవారు అటూ ఇటూ చూస్తూ, ఎవరూ లేనప్పుడు వంగి, చేయి పెట్టి తీస్తారు. చూసేవారికి ఇది అనుమానం కలిగించే ప్రవర్తన. 2011లో ఇంగ్లండులోని వెదర్బీ పట్టణంలో ఒక కాఫీ దుకాణం బయట ఉంచిన చిన్న ప్లాస్టిక్ పెట్టెను బాంబుగా అనుమానించి, బాంబు నిర్వీర్య దళాన్ని రప్పించి పేల్చివేశారు. ఆటగాళ్లకు నమ్మకానికి గుర్తుగా కనిపించే పెట్టె, ఆ నమ్మకంలో భాగం కానివారికి భయకారణమైంది.

ఈ వైరుధ్యానికి పరిష్కారం గోప్యతను పెంచడం కాదు, తగ్గించడం. పెట్టె మీద అది ఏమిటో స్పష్టంగా రాయాలి. స్థలం యజమానికి ముందే చెప్పాలి. పాఠశాలలు, రైల్వే వంతెనలు, సైనిక స్థావరాల దగ్గర దాచకూడదు. ఎవరైనా అడిగితే దాచకుండా వివరించాలి.

తెలుగు ప్రాంతాల్లో ఈ జాగ్రత్తకు మరొక కారణం కూడా ఉంది. గుప్తనిధుల ఆశతో పాత కోటలను, ఆలయాలను తవ్వేవారి వార్తలు ఇక్కడ తరచుగా వస్తుంటాయి. శిథిలాలయం పక్కన రాళ్లు కదుపుతున్న అపరిచితుణ్ణి చూసి గ్రామస్థులు ఏమనుకుంటారో ఊహించడం కష్టం కాదు. వారి అనుమానం న్యాయమైనది కూడా. కనుక రక్షిత కట్టడాలను, ఆరాధనా స్థలాలను ఈ ఆటకు పూర్తిగా దూరంగా ఉంచాలి. విదేశాల నుంచి వచ్చే తెలుగువారు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపగల పరికరాలను అనుమతి లేకుండా వాడటం భారతదేశంలో నేరం. జీపీఎస్ సంకేతాలను అందుకోవడానికే పరిమితమైన మామూలు ఫోన్‌తో ఈ ఇబ్బంది లేదు.

8. పెట్టె లేని కాష్ - బోధనలో ఉపయోగం:

పెట్టెను ఉంచడం తగని చోట్ల ఏం చేయాలన్న ప్రశ్నకు 2004లో ఒక చక్కని సమాధానం లభించింది. అమెరికా భూవిజ్ఞాన సంఘం తోడ్పాటుతో ప్రారంభమైన ‘ఎర్త్‌కాష్’ పద్ధతిలో పెట్టె ఉండదు. ఇచ్చిన అక్షాంశ రేఖాంశాల దగ్గర ఒక భూవైజ్ఞానిక విశేషం ఉంటుంది. దాని గురించిన చిన్న పాఠాన్ని చదివి, అక్కడ నిలబడి చూస్తే తప్ప తెలియని ప్రశ్నలకు సమాధానాలు పంపాలి. ఎన్ని పొరలు కనిపిస్తున్నాయి, ఏ పొర ముతకగా ఉంది, వాలు ఏ దిక్కుకు ఉంది వంటివి ఆ ప్రశ్నలు.

మన కళాశాలల్లో క్షేత్రపర్యటనకు ఈ పద్ధతి ఎంతో అనువైనది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్మారకాలుగా గుర్తించిన వాటిలో తిరుమల శిలాతోరణం, తిరుమల కొండల్లో రెండు భిన్నయుగాల శిలలు కలిసే సంధి, విశాఖపట్నం - భీమునిపట్నం మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు, కడప ప్రాంతపు మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ఉన్నాయి. ఏటా అసంఖ్యాకంగా యాత్రికులు తిరుమల కొండ ఎక్కుతుంటారు. కోట్ల సంవత్సరాల అంతరం గల రెండు శిలావరణాలు ఒకదానిపై ఒకటి నిలిచిన దృశ్యం వారి కళ్లముందే ఉంటుంది. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో, నాలుగు పరిశీలన ప్రశ్నలతో తెలుగులో ఒక పుటను ఏ అధ్యాపకుడైనా తయారుచేయవచ్చు. దీనికి పెట్టె అక్కర్లేదు, తవ్వకం అక్కర్లేదు. ఎవరికీ అనుమానం కలగదు. భూగోళశాస్త్రానికే కాక, స్థలనామాలు, శాసనాలు, జానపద విజ్ఞానం వంటి రంగాల్లోనూ ఈ నమూనాను అనుసరించవచ్చు.

9. ముగింపు:

పై చర్చ ఆధారంగా కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. 2000లో జీపీఎస్ సంకేతంలోని కృత్రిమ దోషాన్ని తొలగించడం జియోకాషింగ్‌కు తక్షణ కారణం. చేరుకున్న చోట తన గుర్తును వదలాలన్న కోరిక మాత్రం 1854 నాటి డార్ట్‌మూర్ సీసాలోనే కనిపిస్తుంది.

2. పరికరం వెదికేవారిని సుమారు 10 మీటర్ల వృత్తంలోకి చేర్చి ఆగిపోతుంది. ఆ పైన పనిచేసేది స్థలాన్ని చదవగల చూపు.

3. దొరకలేదని నిజాయితీగా నమోదు చేసే సంప్రదాయం ఈ వ్యాపకాన్ని పరిశోధనా నీతికి దగ్గర చేస్తున్నది.

4. పెట్టెను కాపాడే గోప్యతే బహిరంగ స్థలంలో భయానికి కారణం కావచ్చు. అనుమతి, స్పష్టమైన గుర్తింపు, స్థానికుల పట్ల గౌరవం లేకుండా ఈ ఆటను ప్రారంభించకూడదు.

5. తెలుగు ప్రాంతాల్లో పెట్టె లేని ఎర్త్‌కాష్ పద్ధతి సురక్షితమైనది, బోధనకు ఉపకరించేది.

లంకెబిందెలు ఒకరికి దొరికితే అక్కడితో ఆ కథ ముగుస్తుంది. జియోకాషింగ్‌లో పెట్టెకు అర్థం ఏర్పడేది తరువాత రాబోయే మనిషి వల్ల. ముఖం తెలియని ఆ మనిషి కోసం మూతను గట్టిగా బిగించి, ఉన్నచోటనే ఉంచి, రాయిని మళ్లీ అడ్డుపెట్టి రావడం ఈ వ్యాపకంలో కొత్తవారు నేర్చుకోవలసిన మొదటి పాఠం. అక్షాంశ రేఖాంశాల పరిజ్ఞానం దాని తరువాతనే.